సేలం నావికశాల గ్రంథములు: తొలికూర్పును గుర్తించు తీరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మసాచుసెట్సు తీరమున, సేలం అను రేవుపట్టణ మొకటి కలదు. తమిళదేశమున మన మెరిగిన సేలమునకు అది పేరున దక్క మరెందునను చుట్టము కాదు. శాంతి యను అర్థము గల హీబ్రూ పదమునుండి బైబిలు మూలముగా ఆ వలసవాసులు తమ యూరికి తెచ్చిపెట్టుకొన్న పేరది. 1790వ సంవత్సరపు జనగణనమున ఎనిమిది వేలకు లోపుగా మాత్రమే జనమున్న ఆ చిన్నయూరు, స్వాతంత్ర్యయుద్ధము ముగిసిన పిదప రెండు మూడు దశాబ్దములలో, కలకత్తాకును మదరాసునకును సుమత్రాకును కాంటనునకును ఓడలు నడిపి, మిరియములును వస్త్రములును తేయాకును తెచ్చి అమ్ముకొని, తన పరిమాణమునకు ఎన్నో రెట్లు మించిన ప్రసిద్ధిని గడించెను. ఆ యూరి నావికులు స్థాపించిన వస్తుప్రదర్శనశాల పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లనుండి గ్రంథములను వెలువరించుచు వచ్చినది. ఆ గ్రంథములలో ఏది తొలికూర్పో, ఏది మలికూర్పో తెలిసికొను విద్య పాతపుస్తకములు సేకరించువారి ముచ్చటకు మాత్రమే పనికివచ్చునదని కొందరు తలతురు. చరిత్ర వ్రాయువారికి అది అంతకంటె ఎక్కువగా కావలసినదని నా నమ్మకము.

1799వ సంవత్సరమున ఆ యూరి ఓడల నాయకులు కొందరు కూడి ఈస్ట్ ఇండియా మెరైన్ సొసైటీ అను సమాజమును స్థాపించిరి. అందు చేరుటకు ధనముగాని వంశముగాని చాలదు. గుడ్‌హోప్ అగ్రమునకో హారన్ అగ్రమునకో ఆవలి సముద్రములలో, ఓడ నాయకుడుగనో సరకుల అధికారిగనో, పోయివచ్చినవాడై యుండవలెను. మృతులైన సభ్యుల భార్యాబిడ్డలను ఆదుకొనుట, నౌకాయానమునకు ఉపకరించు విషయములను ప్రోగుచేయుట, ఆ దూరదేశములనుండి తెచ్చిన వింతవస్తువులతో ఒక ప్రదర్శనశాలను నెలకొల్పుట యనునవి ఆ సమాజమువారి ఉద్దేశములు. పయనమునకు బోవు సభ్యునకు సమాజము తెల్లకాగితముల పుస్తక మొకటి ఇచ్చెడిది. దారిలోని గాలులను, తీరములను, లోతులను, అపాయములను అతడందు దినదినము వ్రాసి, తిరిగివచ్చిన పిదప దానిని సమాజమునకు అప్పగించెడివాడు. ఒక వార్షికోత్సవపు ఊరేగింపులో సభ్యులు తూర్పుదేశపు వస్తువులను చేతబట్టుకొని నడువగా వారి నడుమ భారతదేశపు పల్లకి యొకటి మోయబడినదని ఆ యూరి మతాచార్యుడైన విలియం బెంట్లీ తన దినచర్యలో వ్రాసికొనెను. మన పెండ్లిండ్లలోను దేవుని యుత్సవములలోను కనబడు వాహనము అట్లాంటిక్ ఒడ్డున వీధికెక్కిన ఆ దృశ్యమును తలచుకొన్నప్పుడెల్ల నాకు ముచ్చట కలుగుచుండును.

1825వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన, అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ సమక్షమున, ఈ సమాజపు సొంతమందిరము తెరువబడెను. మేడమీద ప్రదర్శనశాలయు, క్రింద ఆసియాటిక్ బ్యాంకును ఓరియంటల్ భీమా సంస్థయు నుండెను. ఆ పేర్లు నేటికిని ఆ కట్టడపు నొసట చెక్కియున్నవి.

మందిరము కట్టుటకు ముందే, 1821లో, సమాజమువారు తమ ఊరిలోనే పాల్ఫ్రే యను ముద్రాపకునిచేత ఒక చిన్నపుస్తకము అచ్చొత్తించిరి. సభ్యుల పట్టిక, సమాజమునకు చేరిన ఓడదినచర్యల పట్టిక, ప్రదర్శనవస్తువుల పట్టిక అందు కలవు. పదేండ్ల తరువాత, 1831లో, ఆ పట్టికను పెంచి మరల ప్రకటించిరి. 1837లో దానికొక అనుబంధమును చేర్చిరి. తొలికూర్పు, మలికూర్పు అను ప్రశ్న ఈ శాల విషయమున ఇచ్చటనే మొదలగుచున్నది. 1821 నాటి పట్టికలో కానరాక 1831 నాటి పట్టికలో కనబడు బొమ్మ గాని, ఆయుధము గాని, వస్త్రము గాని ఆ నడిమి పదేండ్లలో శాలకు వచ్చియుండునని మనము ఊహింపవచ్చును. ఇట్టి ఊహకు రెండు కూర్పులును వేరువేరుగా, కలగలుపు కాకుండ, మన కండ్లయెదుట నుండవలెను. రెండవదానిని మొదటిదాని మారుముద్రణముగా భావించి ఏదో ఒకటి చాలుననుకొన్న పరిశోధకుడు, ఒక వస్తువు వచ్చిన కాలమును పదేండ్లు వెనుకకో ముందుకో జరిపినవాడగును. ఒక శాల తన సొత్తును లెక్కవ్రాసికొన్న పుస్తకమునకు ప్రతి కూర్పును ఒక కొత్త సాక్ష్యమే. ఈ విషయమున కావ్యమునకును వస్తుపట్టికకును ఎంతో భేదమున్నది.

మాటల విషయమున కొంచెము నిలువవలసియున్నది. మన భాషలో కూర్పు అనియు ముద్రణము అనియు రెండు మంచి మాటలుండగా, మనవారు పెక్కుచోట్ల ఒకదానికి బదులు మరొకటి వాడుచున్నారు. కూర్పు అనగా అక్షరములను కూర్చుట. సీసపు అచ్చులను వరుసగా కూర్చి, ఫారము కట్టి, దానితో ఎన్నిమారులు అచ్చువేసినను అది ఒకే కూర్పు. యంత్రమునకు ఎక్కించి అచ్చువేసిన ప్రతి మారును ఒక ముద్రణము. పాశ్చాత్య గ్రంథవివరణశాస్త్రజ్ఞులు ఎంతో శ్రమపడి నిర్వచించుకొన్న భేదము మన కూర్పు అను పదపు ధాతువులోనే యిమిడియున్నది. సేకర్తలు తొలికూర్పని వ్యవహరించునది, నిజమునకు, తొలికూర్పు యొక్క తొలిముద్రణము. పాత ఫారములు మిగిలిపోగా వానికి కొత్త ముఖపత్రము తగిలించి, కొత్త అట్టవేసి అమ్మిన ప్రతులున్నచో అవి అదే కూర్పునకు చెందినను వేరు జారీ యగును. అచ్చు నడుచుచుండగనే తప్పు కనిపెట్టి దిద్దినయెడల, దిద్దక ముందటి ప్రతులును దిద్దిన పిదపటి ప్రతులును రెండు అవస్థలుగా నిలుచును. మన పుస్తకములలో చివరను అంటించు తప్పొప్పుల పట్టిక సయితము ఇట్టి సాక్ష్యమే: పట్టిక గల ప్రతి, పట్టిక లేక మూలములోనే సవరింపబడిన ప్రతి, ఈ రెంటిలో ఏది ముందో చెప్పనక్కరలేదు.

గ్రంథము తన పుట్టుకను తానే చెప్పుకొనుట మనకు కొత్త కాదు. కావ్యములలో ప్రతి ఆశ్వాసము చివరను గద్యమున కవి తన తండ్రిపేరును కృతిపేరును చెప్పుకొనును; తాటియాకులమీద ప్రతి వ్రాసిన లేఖకుడు తుదను సంవత్సరనామమును, మాసమును, తిథివారములను వేయును. అయితే శకవర్షము వేయక ప్లవ యనియో విరోధి యనియో పేరు మాత్రము వేసిన ప్రతి, అరువదేండ్ల కొకమారు తిరిగివచ్చు ఆ పేరు కారణముగా, పరిశోధకుని ఏ శతాబ్దమునకు బోవలెనో తోచనీయక నిలబెట్టును. ఐరోపాలో 1457 ఆగస్టు 14వ తేదీ వేసి మైంజు నగరమున ఫుస్టు, షోఫరు అనువారు ప్రకటించిన కీర్తనల గ్రంథము, తేదీతోను ముద్రాపకుల పేర్లతోను వెలువడిన అచ్చుపుస్తకములలో మొదటిది. ఆ తుదిపలుకు క్రమముగా ముందుకు జరిగి ముఖపత్రముమీదికిని, ఆ పిమ్మట ముఖపత్రము వెనుక పుటమీదికిని చేరినది. ఇరువదవ శతాబ్దమున తొలికూర్పులకు వెల పెరిగిన కొలది, ఒక్కొక్క ప్రకాశకుడు ఆ వెనుక పుటమీద తన తొలిముద్రణమును ఏ గుర్తుతో తెలుపునో ఎరుగవలసిన యవసరము కలిగి, 1920వ దశకపు చివర బూటెల్ అనునాతడు ప్రకాశకులనే అడిగి వారి సమాధానములను గ్రంథముగా కూర్చెను. తరువాత 1984లో జెంపెల్, వెర్క్‌లర్ అనువారు ఆ పనిని విస్తరించిరి. ఒకరు మొదటి కూర్పు అని స్పష్టముగా వేయుదురు. మరొకరు మొదటిసారి ఏమియు వేయక రెండవసారి మాత్రమే వేయుదురు. ఇంకొకరు ముఖపత్రముమీది సంవత్సరమును మలిముద్రణములలో తీసివేయుదురు.

వ్యాపారప్రకాశకునకు ఇట్టి నియమమొకటి ఉండుట సులభము, ఏలయన అతడు ఏటేట వందలకొలది పుస్తకములు వేయును. ప్రదర్శనశాల స్థితి వేరు. ఒక దాత ఇచ్చిన సొమ్ముతోనో, సభ్యుల చందాలతోనో, ఒక వార్షికోత్సవమునకో ప్రదర్శనమునకో ఒక పుస్తకము వేయుదురు; మరల వేయుదుమన్న తలపు వారికి సాధారణముగా నుండదు. మొదటిది అని చెప్పవలెనన్న ఊహ, రెండవది రాగలదన్న ఆశ గలవారికే కలుగును. కాబట్టి ఇట్టి శాలల పుస్తకములలో తొలికూర్పని చెప్పు పంక్తి లేకుండుట సామాన్యము; దానినిబట్టి అనుమానపడుటయు, ఉన్నదని సంతోషపడుటయు రెండును తొందరపాటే. గుర్తు ఒకటి కాక పది చూడవలెను. ఆ పదింటిలో మొదటిది, నా దృష్టిలో అన్నిటికంటె గట్టిది, ఆ శాల పేరే.

సేలం శాలకు కాలక్రమమున నాలుగు పేర్లు కలిగినవి. నావికుల సమాజము ఓడల వ్యాపారముతోపాటు క్షీణింపగా, 1867లో జార్జి పీబాడీ యను ధనికుడు లక్షా నలువది వేల డాలర్లు దానముచేసి, ఆ వస్తుసంచయమును పీబాడీ శాస్త్రపరిషత్తు అను కొత్త సంస్థ చేతిలో నిలుపజేసెను. 1915లో అది సేలం పీబాడీ మ్యూజియము అను పేరు దాల్చెను. 1992లో, అదే యూరిలో స్థానికచరిత్రకు పేరుబడిన ఎసెక్సు ఇన్‌స్టిట్యూటుతో కలిసి, పీబాడీ ఎసెక్సు మ్యూజియ మయ్యెను. మొదట చెప్పిన 1799తో కూడ ఈ నాలుగు తేదీలు తెలిసినవానికి ముఖపత్రముమీది పేరు పుట్టుమచ్చవంటిది. లోపల 1949 అని యుండి బయట పీబాడీ ఎసెక్సు అని యున్నయెడల, ఆ ప్రతి ఏ రూపముననో 1992 తరువాతిదే; 1949 నాటివారికి ఆ పేరు తెలియదు. ఆ 1949 అను అంకెను ఊరక వేయలేదు: సమాజము పుట్టి నూటయేబదియేండ్లు నిండిన ఆ సంవత్సరముననే వాల్టర్ మ్యూర్ వైట్‌హిల్ ఆ శాల చరిత్రను వ్రాయగా శాల దానిని ప్రకటించెను. ఈ శాలనుగూర్చి తెలియగోరువారు మొదట చదువవలసిన గ్రంథమది.

బెంట్లీ దినచర్యకు కూడ ఇట్టి కథయే కలదు. ఆ మతాచార్యుడు 1784నుండి 1819లో తాను మరణించువరకు సేలములో తాను చూచినదానిని, విన్నదానిని దినదినము వ్రాసిపెట్టెను. 1790వ సంవత్సరము డిసెంబరు చివర, మదరాసునుండి ఓడమీద వచ్చిన ఒక భారతీయుని తాను మొదటిసారి చూచితినని అతడందు వ్రాసినది, అమెరికాలో భారతీయుల చరిత్రను వ్రాయువారందరును తలచు వాక్యము. ఆ వచ్చినవాడు ఏ భాషవాడో, తెలుగువాడో తమిళుడో, ఆ వాక్యము చెప్పదు. ఆనాటి మదరాసు వీధులలో రెండు భాషలును వినబడుచుండెననుట మాత్రము మనకు తెలిసినదే. ఈ దినచర్యను ఎసెక్సు ఇన్‌స్టిట్యూటువారు 1905నుండి 1914వరకు నాలుగు సంపుటములుగా సేలమునుండి వెలువరించిరి. 1962లో పీటర్ స్మిత్ అను పునర్ముద్రాపకుడు అదే రాష్ట్రములోని గ్లాస్టరునుండి దానిని మరల వేసెను. చదువుటకు రెండును ఒకటే. కాని మొదటిదానిని ఒక్కొక్క సంపుటము వచ్చినప్పుడు చదివినవారు తొమ్మిదేండ్లు వేచియుండి చదివిరి. సంపుటములు వేరువేరు సంవత్సరములవి కాబట్టి, నాలుగింటిమీదను ఒకే సంవత్సరము కనబడు జతను చేతబట్టుకొన్నవాడు, అది తొలిది కాదని ఊరిపేరు చదువకమునుపే తెలిసికొనవచ్చును.

శాల ముద్రించిన పుస్తకములలో అందమునకు పేరుబడినవి 1930నుండి 1960వరకు గల కాలమునకు చెందినవి. 1941లో శాల ఆశ్రయమున అమెరికన్ నెప్ట్యూన్ అను త్రైమాసిక పత్రిక పుట్టెను; నౌకాచరిత్రకే అంకితమైన ఆ పత్రిక 2002వరకు నడచెను. దానిని మెయిన్ రాష్ట్రములోని పోర్ట్‌లండు నగరమున ఫ్రెడ్ ఆంతెన్‌సెన్ ముద్రణాలయము అచ్చువేసెడిది. అక్షరముల యెంపికలోను అంచుల కొలతలోను ఆ ముద్రాపకుడు చూపిన శ్రద్ధ అమెరికా ముద్రణకళాచరిత్రలో చెప్పుకొనదగినది. బొమ్మలకు మాత్రము న్యూ ఇంగ్లండు విద్యాసంస్థలవారు కనెక్టికట్ రాష్ట్రములోని మెరిడెన్ గ్రేవ్యూర్ కంపెనీని ఆశ్రయించుచుండిరి. ఈ రెండు పేర్లును పుస్తకపు వెనుక పుటలోనో చివరిపుటలోనో కనబడినయెడల మనము సరియైన త్రోవలో నున్నామన్నమాట.

మెరిడెన్ వారు వేసిన కొలోటైపును గూర్చి కొంచెము చెప్పక పోజాలను. దళసరి గాజుపలకమీద వెలుతురునకు స్పందించు జెలటిన్ పూతపూసి, దానిమీద ఫొటో నెగటివునుంచి వెలుతురు చూపుదురు. వెలుతురు ఎక్కువగా సోకినచోట జెలటిన్ గట్టిపడి సిరాను పట్టును. తక్కువ సోకినచోట తేమను పట్టి సిరాను విడుచును. వెలుగునీడల తారతమ్యమంతయు ఈ గట్టిదనపు తారతమ్యముగా మారుటచే, ఆ బొమ్మలో చుక్కలు లేవు; భూతద్దముతో చూచినను ముడతలుపడిన సన్నని జెలటిన్ రూపము మాత్రమే కనబడును. మన వార్తాపత్రికలలోని హాఫ్‌టోన్ బ్లాకు బొమ్మ అట్లు కాదు. అది చుక్కల సమూహము, భూతద్దము క్రింద అది దాచుకొనలేని రహస్యము. ఓడ చిత్రములలో ఈ భేదము మరింత స్పష్టము: స్తంభములనుండి దిగు తాళ్లు వెండ్రుకవలె సన్ననివి. కొలోటైపున తాడు తాడుగనే యుండును. చుక్కలతో మరల వేసినచోట తాడు తెగి, దారముమీది పూసలవలె కనబడును. ఆ పలకలు కొలదివేల ప్రతులకే అరిగిపోవుటచే, మలిముద్రణమునకు కొలోటైపును మరల చేయించుట అరుదు. 1960వ దశకమున మెరిడెన్ వారు సయితము దానిని విడిచి అతిసన్నని చుక్కల ఆఫ్‌సెట్టునకు మారిరి. కనుక ఒకే పుస్తకపు రెండు ప్రతులలో ఒకదానిలో చుక్కలు లేని బొమ్మలును, మరొకదానిలో చుక్కల బొమ్మలును ఉన్నయెడల, ఏది ముందో ఆ బొమ్మలే సాక్ష్యము చెప్పును. అక్షరములు కూడ చెప్పును. సీసపు అచ్చు కాగితమును నొక్కును; పుట వెనుకవైపున వేలు ఆడించినచో ఆ నొక్కు తగులును. ఫొటో తీసి ఆఫ్‌సెట్టున వేసిన పునర్ముద్రణమున కాగితము నున్నగా నుండి, అక్షరముల అంచులు కొంచెము ఉబ్బియుండును. కంటికంటె వేలు ముందుగా తెలిసికొను విషయములలో ఇదొకటి.

అంకెలను గూర్చి తొందరగా చెప్పెదను. అమెరికాలో తపాలా చిరునామాల చివర అయిదంకెల సంకేతము 1963లో వచ్చెను. సేలమునకు చేరిన సంకేతము 01970. ఇది చూచి 1970వ సంవత్సరమని పొరబడుట కొత్తవారికి సులభము, కాని అది సంవత్సరము కాక ఊరిగుర్తు. అయినను అది యున్న పుస్తకము 1963కు ముందుది కాజాలదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్సు వారి కార్డు సంఖ్యలో అడ్డగీతకు ముందున్న రెండంకెలు ఆ సంఖ్య నిచ్చిన సంవత్సరమును చెప్పును, అచ్చయిన సంవత్సరమును కాదు. మలిముద్రణములలో పాతసంఖ్యయే ఉండిపోవచ్చును. పదంకెల అంతర్జాతీయ గ్రంథసంఖ్య 1970నుండియు, పదుమూడంకెలది 2007నుండియు వాడుకలోనికి వచ్చినవి. ఇక వెనుక పుట అడుగున కనబడు పదినుండి ఒకటివరకు గల అంకెల వరుసలో మిగిలిన చిన్న అంకె ముద్రణసంఖ్య. ప్రతి ముద్రణమునకును ఒక అంకెను చేర్చుటకంటె, ఉన్న పలకనుండి ఒక అంకెను గీకివేయుట అచ్చుపనివానికి సులువు. ఆ వరుస పుట్టుట కిదియే కారణము.

సేలమునకు దక్షిణమున, కనెక్టికట్ తీరములోని మిస్టిక్‌లో, 1929లో మెరైన్ హిస్టారికల్ అసోసియేషన్ అను సంస్థ పుట్టి, 1841లో కట్టిన తిమింగిలపు వేటయోడ చార్లెస్ డబ్ల్యూ. మోర్గానును 1941లో తెచ్చి తన రేవున కట్టుకొనెను. 1978లో అది మిస్టిక్ సీపోర్ట్ అను పేరు గైకొనెను గనుక, సేలం విషయమున చెప్పిన పేరుల పరీక్ష దీనికిని వర్తించును. 1972లో న్యూ ఇంగ్లండ్ అండ్ ది సీ అను గ్రంథమును ఈ సంస్థకై వెస్లియన్ విశ్వవిద్యాలయపు ముద్రణాలయమువారు ప్రకటించిరి; తరువాత మిస్టిక్ వారు తమ పేరుననే వేసిరి. ఇచ్చట మ్యూజియము పేరు మాత్రమే యున్న ప్రతి తొలిది కాదు, విశ్వవిద్యాలయపు పేరు గలదే తొలిది. వర్జీనియాలోని మారినర్స్ మ్యూజియమువారు మరొక పద్ధతి పట్టి తమ పుస్తకములకు వరుససంఖ్య లిచ్చిరి. చెసాపీక్ అఖాతపు దోనెలను గూర్చి బ్రూయింగ్టన్ వ్రాసినది 1937లో మూడవ సంఖ్యగా వెలువడెను. ఇరువురు ప్రకాశకులు కలిసి వేయు పద్ధతి మన దేశము దాకను వచ్చినది. 2001లో సేలం శాలవారి యాంకీ ఇండియా యను గ్రంథము, తెరచాపల ఓడలకాలమున అమెరికనులకును భారతదేశమునకును జరిగిన రాకపోకల చరిత్ర, అహమదాబాదులోని మేపిన్ సంస్థతో కలిసి వెలువడినది. అది సూసన్ బీన్ రచన. ఇట్టి పుస్తకమునకు అమెరికా ప్రతి తొలిదా, భారత ప్రతి తొలిదా యని వాదించుట వృథా. ఒకే కూర్పునకు ఇరుప్రక్కల రెండు వాకిళ్లు.

తొలికూర్పే మేలైనదను భ్రమ కూడ మనకుండరాదు. సేలం శాలలోని నౌకాచిత్రముల పట్టికను బ్రూయింగ్టన్ దంపతులు 1968లో ప్రకటించిరి. 1981లో దానికి సవరించిన కూర్పు వచ్చినది. చిత్రమును గుర్తించుటకు చూడవలసినది 1981 నాటిది. శాల 1968లో ఏమి ఎరుగునో తెలిసికొనుటకు చూడవలసినది తొలిది. ఈ న్యాయమునకు సేలములోనే ఇంతకంటె పెద్ద ఉదాహరణము కలదు. నావికుల సమాజమునకు కొంతకాలము అధ్యక్షుడైన నతానియల్ బౌడిచ్, అంతకు పూర్వము వాడుకలోనున్న మూర్ అనువాని నౌకాయానగ్రంథములో వేలకొలది తప్పులు కనిపెట్టి, ఆ పట్టికలను తాను మరల గణించి, 1802లో న్యూబరీపోర్టునుండి కొత్త గ్రంథమును వెలువరించెను. అందలి ప్రతి అంకెమీదను ఓడల ప్రాణములు ఆధారపడియున్నవి. అట్టి గ్రంథమునకు నావికుడు ఎల్లప్పుడును కొత్తకూర్పునే కోరును, పాతదానిని పారవేయును. అందుచేతనే 1802 నాటి ప్రతులు నేడు అరుదు. ఎంత ఉపయోగపడిన పుస్తకము అంత త్వరగా నశించును. ఎవరును తాకని పుస్తకము వందలయేండ్లు శుభ్రముగా నిలుచును. సేకర్తలు నలిగిన ప్రతిని చూచి ముఖము చిట్లింతురు. ఓడమీద ఉప్పునీటి మరకపడిన బౌడిచ్ గ్రంథము దొరికినచో నేను నిర్మలమైన ప్రతిని విడిచి దానినే కోరుదును.

పీబాడీ సేలమునకు దానముచేసిన 1867వ సంవత్సరముననే మన దేశమున ముద్రణాలయముల, గ్రంథముల నమోదు చట్టము పుట్టెను. 2023 నాటి కొత్తచట్టము దాని స్థానమున వచ్చువరకు, దానినిబట్టి ప్రతి గ్రంథముమీదను ముద్రాపకుని పేరును ముద్రణస్థలమును వేయవలసియుండెను. ప్రభుత్వమునకు ప్రతి నిచ్చునపుడు అది ఎన్నవ కూర్పో, ఎన్ని ప్రతులు వేసిరో తెలుపవలసియుండెను. ఆ వివరములను మూడుమాసముల కొకమారు గెజెటులో ప్రకటించెడివారు. అమెరికాలో పరిమితప్రతుల కూర్పులలో తప్ప కనబడని ప్రతుల సంఖ్య, ప్రథమ ముద్రణము, ప్రతులు 1000 అని మన తెలుగు పుస్తకములలో సర్వసాధారణముగా కనబడుట ఆ లెక్కల అలవాటుచేతనే యని నాకు తోచును. సేలం పుస్తకములకు భూతద్దము పట్టుకొని వెదకవలసిన విషయమును మన పెద్దలు ఒక పంక్తిలో వ్రాసిపెట్టిరి. కాని ఆ పంక్తి యున్న కాగితమును మనము కాపాడుట లేదు. పాతపుస్తకమును బైండున కిచ్చినపుడు మన యూళ్లలో మెత్తనట్టను చింపివేయుదురు, వెలయు, ప్రకాశకుని చిరునామాయు, ఇతరగ్రంథముల ప్రకటనలును దానితో పోవును, అంచులు కోయుదురు, పైన క్యాలికో వేసి బంగారు అక్షరములు దిద్దుదురు. అందమైన ఆ బైండులో పుస్తకము పుట్టినతేదీ లేకుండపోవును. మీ యింట నున్న పాతపుస్తకమును బైండున కిచ్చునపుడు, పై అట్టను పారవేయక లోపలనే కుట్టుమనియు, అంచులు కోయవలదనియు బైండరునకు ముందుగనే చెప్పుడు.